పాత ట్రాన్సిస్టర్ సెట్టు, కొత్త వాల్వు యాంప్లిఫయర్

యాంప్లిఫయర్ పని చిన్న విద్యుత్ సంకేతాన్ని పెద్దది చేయడం. గ్రామఫోన్ రికార్డు గాడిలో నడిచే ముల్లు పుట్టించే వోల్టేజీ 3 నుంచి 5 మిల్లీవోల్టులు మాత్రమే. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఇస్తుంది కానీ, స్పీకర్ కోన్‌ను కదిలించేంత కరెంటు దాని దగ్గర ఉండదు. 8 ఓమ్‌ల స్పీకరుకు 10 వాట్లు అందాలంటే దాదాపు 9 వోల్టులు, ఒక ఆంపియరుకు కాస్త పైన కరెంటు కావాలి. ఆ శక్తి గోడలోని ప్లగ్గు నుంచి వస్తుంది. పాట తాలూకు సంకేతం ఆ శక్తిని క్షణక్షణం అదుపు చేస్తుంది. ఈ అదుపు పని చేయగల పరికరాలు ముఖ్యంగా రెండు: గాజు వాల్వు, సిలికాన్ ట్రాన్సిస్టర్.

1970, 80 దశకాల్లో సికింద్రాబాద్ ఇళ్లలోకి వచ్చిన స్టీరియో సెట్లు దాదాపు అన్నీ ట్రాన్సిస్టర్‌వే. వాటిలో దేశంలో తయారైన కాస్మిక్, సోనోడైన్ ఉన్నాయి. గల్ఫ్ నుంచి చుట్టాలు మోసుకొచ్చిన సాన్సుయి, పయొనీర్, అకాయ్ ఉన్నాయి. నలభై ఏళ్లు దాటిన ఆ సెట్లు ఇప్పుడు గరగరమంటున్నాయి, ఒక పక్క స్పీకరు పలికితే రెండో పక్కది పలకడం లేదు. వాటిని తీసేసి కొత్తగా తయారైన వాల్వు యాంప్లిఫయర్ పెట్టుకునేవాళ్లు కొందరున్నారు. కాలక్రమంలో ముందు పుట్టిన పరికరం తరవాత పుట్టినదాన్ని తొలగించడం విచిత్రంగా కనిపిస్తుంది. ఆ మార్పిడిలో నిజంగా ఏం మారుతుందో, ఏం మారదో తేల్చడానికి భౌతికశాస్త్రం, కొద్దిపాటి లెక్కలు సరిపోతాయి.

వాల్వు, ట్రాన్సిస్టర్

1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు తయారుచేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడో ఎలక్ట్రోడ్‌ను చేర్చాడు. గాలి తీసేసిన గాజు బుడ్డిలో కేథోడ్ అనే లోహపు గొట్టం ఉంటుంది. దాని మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత ఉంటుంది. లోపలి ఫిలమెంటు దాన్ని 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే పూతలోంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. చుట్టూ ఉన్న ప్లేటుకు వందల వోల్టుల ధన విద్యుత్ ఇస్తే అవి అటు పరుగెడతాయి. మధ్యలో ఉన్న సన్నని తీగల చుట్టే గ్రిడ్. దానికి కొద్దిపాటి రుణ వోల్టేజీ ఇస్తే ఎలక్ట్రాన్ల ప్రవాహం తగ్గుతుంది, ఆ వోల్టేజీ సడలిస్తే పెరుగుతుంది. చెరువు తూము దగ్గర తలుపును బెత్తెడు ఎత్తితే కాలువ నిండా నీరు పారినట్టు, గ్రిడ్ మీద ఒక వోల్టు మార్పు ప్లేటు దగ్గర పదుల వోల్టుల మార్పుగా కనిపిస్తుంది.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ తొలి ట్రాన్సిస్టరును పనిచేయించారు. షాక్లీతో కలిపి ఆ ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. ట్రాన్సిస్టర్‌లో వేడి చేయాల్సిన కేథోడ్ లేదు, వందల వోల్టుల అవసరం లేదు, పగిలే గాజు లేదు. స్విచ్చి వేయగానే పలుకుతుంది. అది కొన్ని పదుల వోల్టులతోనే పెద్ద కరెంటు ఇవ్వగలదు కాబట్టి స్పీకరుకు నేరుగా కలపవచ్చు. 1960 దశకం చివరికల్లా ఇళ్లలోని యాంప్లిఫయర్లలో వాల్వుల కాలం దాదాపు ముగిసింది.

భారతదేశంలో ఈ రెండు సాంకేతికతలూ వెంటవెంటనే వచ్చాయి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే అక్కడ జెర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీ కూడా మొదలైంది. ఆ సంస్థ పేరు ముద్రించిన వాల్వులు ఇప్పటికీ పాత సామాన్ల మధ్య దొరుకుతాయి. సికింద్రాబాద్ ప్రాంతానికి ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ వచ్చేసరికి దేశం ట్రాన్సిస్టర్ యుగంలో ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు ఆధ్వర్యంలో 1967లో ఇక్కడ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) ఏర్పడింది. అణువిద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాల నుంచి కంప్యూటర్లు, టీవీల దాకా అది తయారుచేసినవి ట్రాన్సిస్టర్ల మీద, తరవాత ఎన్నో ట్రాన్సిస్టర్లను ఒకే ముక్కలో పొదిగిన ఐసీల మీద నడిచాయి. ఆయన పేరు మీదే ఎ.ఎస్.రావు నగర్ వెలిసింది.

పాత సెట్టులో పాడయ్యేవి

పాత ట్రాన్సిస్టర్ సెట్టు సరిగ్గా పలకడం లేదంటే ట్రాన్సిస్టర్లు అరిగిపోయాయని కాదు. సిలికాన్ ముక్కకు అరుగుదల దాదాపు లేదు. పాడయ్యేవి దాని చుట్టూ ఉన్న భాగాలు.

మొదటిది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. మెకానిక్కులు దీన్నే కండెన్సర్ అంటారు. దానిలో ద్రవరూపంలో ఉండే ఎలక్ట్రోలైట్ ఏళ్ల తరబడి మెల్లగా ఆవిరైపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కండెన్సర్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్ల వాడుక లెక్క. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని రాసి ఉన్న కండెన్సర్, సెట్టు లోపల 55 డిగ్రీల దగ్గర ఉంటే 16,000 గంటలు వస్తుంది. రోజుకు నాలుగు గంటల చొప్పున వాడితే అది దాదాపు 11 ఏళ్లు. నలభై ఏళ్ల సెట్టులో అవి ఇంకా పనిచేస్తున్నాయంటే లెక్కకు మించి పనిచేసినట్టే. ఎండిన కండెన్సర్ల వల్ల స్పీకరులో గుయ్యిమనే హమ్ వస్తుంది, బేస్ పలచబడుతుంది.

రెండోది స్పీకరును కలిపే రిలే. దాని పాయింట్లకు మసి పడితే ఒక ఛానల్ వచ్చిపోతూ ఉంటుంది. మూడోది వాల్యూమ్ కంట్రోల్, సెలెక్టర్ స్విచ్చి. దుమ్ము, ఆక్సీకరణ వల్ల తిప్పినప్పుడల్లా గరగరలాడతాయి. నాలుగోది సోల్డరింగ్. వేడెక్కి చల్లారడం వేల సార్లు జరిగాక బరువైన భాగాల కాళ్ల దగ్గర సన్నని పగుళ్లు వస్తాయి.

ఇవన్నీ మరమ్మతు చేయదగినవే. కండెన్సర్లు, రిలేలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. చిక్కు వచ్చేది పాత పవర్ ట్రాన్సిస్టర్లు, ఎస్‌టీకే రకం పవర్ ఐసీలు కాలిపోయినప్పుడే. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మార్కెట్లో ఆ నంబరు ముద్రించిన నకిలీలు చాలా తిరుగుతున్నాయి.

దీర్ఘకాలం మూలన పడి ఉన్న సెట్టును నేరుగా 230 వోల్టులకు కలపకూడదు. వాడకం లేక కండెన్సర్లలోని ఆక్సైడ్ పొర బలహీనపడి ఉంటుంది. అనుభవమున్న మెకానిక్కు మొదట బల్బును సిరీస్‌లో పెట్టి, లేదా డిమ్మర్‌స్టాట్‌తో వోల్టేజీని మెల్లగా పెంచి చూస్తాడు. బల్బు వెలుగు తగ్గకుండా అలాగే నిలిచిపోతే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు.

చాలామంది పోల్చిచూసేది కొత్త వాల్వు యాంప్లిఫయర్‌ను, ఎండిన కండెన్సర్లున్న పాత ట్రాన్సిస్టర్ సెట్టుతో. ఆ పోలికలో కొత్తది గెలవడంలో వింత లేదు. అందులో వాల్వు గొప్పదనం ఎంతో, కొత్తదనం ఎంతో విడదీయాలంటే పాతదాన్ని ముందు బాగుచేయించి వినాలి.

కొత్త వాల్వు యాంప్లిఫయర్ లోపల

నేటి వాల్వు యాంప్లిఫయర్లలో వాడే వాల్వులు చాలావరకు 1930ల నుంచి 1950ల మధ్య రూపొందినవే. 300బి 1930ల నాటిది, ఈఎల్84, ఈఎల్34 1950ల నాటి యూరప్ రకాలు. పేర్లు పాతవే అయినా వాల్వులు కొత్తగా తయారవుతున్నాయి. రష్యాలోని సరతోవ్, స్లొవేకియాలోని జేజే కర్మాగారం, చైనా కర్మాగారాలు ప్రపంచానికి వీటిని అందిస్తున్నాయి. గిటార్ యాంప్లిఫయర్ల గిరాకీయే ఈ కర్మాగారాలను ప్రధానంగా నిలబెట్టింది. సరఫరా కొద్ది చోట్ల నుంచే రావడంలో ఇబ్బంది ఉంది. 2022 మార్చిలో రష్యా ఎలక్ట్రానిక్ వస్తువుల ఎగుమతులపై ఆంక్షలు పెట్టినప్పుడు వాల్వుల కోసం ప్రపంచమంతా వెతుక్కోవలసి వచ్చింది.

వాల్వు యాంప్లిఫయర్‌లో అన్నిటికంటే బరువైన, ఖరీదైన భాగం ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు ఎక్కువ వోల్టేజీతో, తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. స్పీకరుకు కావలసింది తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది ట్రాన్స్‌ఫార్మర్. ఒక్క ఈఎల్84 వాల్వుకు తన ముందు 5,200 ఓమ్‌ల లోడు కావాలి. స్పీకరు 8 ఓమ్‌లు. 5,200ను 8తో భాగిస్తే 650. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి దాని వర్గమూలం, అంటే సుమారు 25.5కి 1. చుట్ల లెక్క ఇంత తేలికే కానీ, 30 హెర్ట్‌జ్ నుంచి 20,000 హెర్ట్‌జ్ దాకా అన్ని స్వరాలనూ సమంగా దాటించేలా దాన్ని చుట్టడం కష్టం. బేస్ బాగా రావాలంటే ఇనుప కోరు పెద్దదిగా, చుట్లు ఎక్కువగా ఉండాలి. చుట్లు ఎక్కువైతే వాటి మధ్య లీకేజీ, కెపాసిటెన్స్ పెరిగి పై స్వరాలు తగ్గుతాయి. అందుకే ప్రైమరీ, సెకండరీ చుట్లను పొరలు పొరలుగా విడదీసి ఒకదాని మధ్య ఒకటి చుడతారు. చవక యాంప్లిఫయర్‌లో ఖర్చు తగ్గించేది సాధారణంగా ఇక్కడే. వాల్వు యాంప్లిఫయర్ కొనేటప్పుడు బరువు తూచి చూడటం అందుకే అర్థమున్న పని.

కొత్త యాంప్లిఫయర్లలో అంతా పాతకాలపు పద్ధతి కాదు. ఏసీని డీసీగా మార్చడానికి సిలికాన్ డయోడ్లు వాడతారు. కొన్నిట్లో ఫిలమెంట్లు వేడెక్కాకే హై వోల్టేజీ వచ్చే ఏర్పాటు, బయాస్‌ను (పాట లేనప్పుడు వాల్వులో పారే కరెంటును నిర్ణయించే వోల్టేజీని) దానంతటదే సర్దుకునే సర్క్యూట్, రిమోట్, బ్లూటూత్ కూడా ఉంటాయి. చవక రకాల్లో కొన్నిట్లో వాల్వు ముందు దశలో మాత్రమే ఉండి, స్పీకరును నడిపేది ఐసీయే అవుతుంది. వీటిని హైబ్రిడ్లంటారు. వాల్వులు పైకి వెలుగుతూ కనిపించినంత మాత్రాన అది పూర్తి వాల్వు యాంప్లిఫయర్ అనుకోకూడదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు లేని చిన్న పెట్టె చాలావరకు హైబ్రిడే.

వాట్ల లెక్క

ట్రాన్సిస్టర్ నుంచి వాల్వుకు మారేవారికి మొదట ఎదురయ్యేది వాట్లు తగ్గడం. ఒక్క ఈఎల్84 ఇచ్చేది 5 వాట్ల చిల్లర. ఒక్క 300బి సుమారు 8 వాట్లు. రెండేసి ఈఎల్34లను పుష్-పుల్ పద్ధతిలో (ఒకటి నెడితే ఇంకొకటి లాగేలా) వాడితే 35 వాట్ల చుట్టుపక్కల వస్తుంది. పాత జపాన్ సెట్లలో 50 వాట్లు సామాన్యం.

అయితే చెవికి వినిపించే బిగ్గరదనం వాట్లతో పాటు నేరుగా పెరగదు. దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల శక్తి కావాలి. 50 వాట్ల నుంచి 10 వాట్లకు దిగితే తగ్గేది 7 డెసిబెల్స్. తేడా తెలుస్తుంది కానీ, అయిదో వంతుకు పడిపోయినట్టు మాత్రం అనిపించదు.

ఇక్కడ స్పీకర్ సున్నితత్వం రంగంలోకి వస్తుంది. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నదే ఆ కొలత. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు ఇది 86 దగ్గర ఉంటుంది. పెద్ద పెట్టెలు, హార్న్ స్పీకర్లు 95 దాకా, ఆ పైకి కూడా వెళతాయి. 86 డెసిబెల్స్ స్పీకరుకు 50 వాట్లు ఇస్తే గరిష్ఠంగా 103 డెసిబెల్స్ వస్తుంది. 95 డెసిబెల్స్ స్పీకరుకు 8 వాట్లు ఇస్తే 104 వస్తుంది. అంటే తగిన స్పీకరుంటే 8 వాట్ల వాల్వు యాంప్లిఫయర్, 50 వాట్ల ట్రాన్సిస్టర్ సెట్టు కంటే బిగ్గరగా పలకగలదు. అదే 8 వాట్లను 86 డెసిబెల్స్ స్పీకరుకు ఇస్తే 95 దగ్గరే ఆగిపోతుంది. మాటలు, వీణ, కచేరీ గాత్రం మామూలు గదిలో వినడానికి అది చాలు. డప్పు, తీన్‌మార్ బ్యాండు, సినిమా ఆర్కెస్ట్రా హోరెత్తినప్పుడు మాత్రం పగులు వినిపిస్తుంది.

ధ్వనిలో వచ్చే తేడా

వాల్వు ధ్వని వెచ్చగా, మెత్తగా ఉంటుందని దాన్ని ఇష్టపడేవారు అంటారు. కొలిచి చూస్తే ఆ మెత్తదనానికి మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది వికృతి తీరు. ఏ యాంప్లిఫయరూ సంకేతాన్ని అచ్చంగా అలాగే పెంచలేదు, కొత్త స్వరాలను ఎంతో కొంత కలుపుతుంది. 250 వోల్టులు, 48 మిల్లీఆంపియర్ల దగ్గర ఒక్క ఈఎల్84 ఇచ్చే గరిష్ఠ శక్తి 5.7 వాట్లని దాని అధికారిక వివరపత్రం చెబుతుంది. అప్పుడు వికృతి 10 శాతం. మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో అది 0.1 శాతం కంటే తక్కువ. కానీ మూడు ఎలక్ట్రోడ్ల ట్రయోడ్ వాల్వు ఒక్కటి కలిపే స్వరాల్లో ప్రధానమైనది రెండో హార్మోనిక్. అది మూలస్వరానికి సరిగ్గా పై స్థాయి షడ్జం. సంగీతంలో అది ఇమిడిపోతుంది కాబట్టి చెవికి గుచ్చుకోదు, స్వరం కాస్త నిండుగా వినిపిస్తుంది. పుష్-పుల్ యాంప్లిఫయర్లలో సరి హార్మోనిక్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి ఈ గుణం తక్కువ.

తొలితరం ట్రాన్సిస్టర్ సెట్లలో ఇందుకు విరుద్ధమైన లోపం ఉండేది. తరంగంలో పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని ఇంకొకటి మోసే ఏర్పాటులో, ఒకటి ఆగి ఇంకొకటి అందుకునే చోట చిన్న అతుకు పడుతుంది. దీన్ని క్రాస్ఓవర్ వికృతి అంటారు. అది కలిపే స్వరాలు మూలస్వరానికి చాలా పైన, చెవికి పొసగని చోట పడతాయి. పైగా వాల్యూమ్ తగ్గించేకొద్దీ అసలు సంకేతం చిన్నదై, అతుకు దామాషాలో పెద్దదవుతుంది. వాల్వులో అలా కాదు, వాల్యూమ్ తగ్గితే వికృతి కూడా తగ్గుతుంది. ఇంట్లో వినేటప్పుడు యాంప్లిఫయర్ ఎక్కువసేపు ఇచ్చేది ఒక వాటు కంటే తక్కువే కాబట్టి ఈ తేడా ముఖ్యమైనది. 1970ల చివరికి మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు ఈ లోపాన్ని దాటాయి. బయాస్ సర్దుబాటు చెదిరిన పాత సెట్టులో అది మళ్లీ తలెత్తుతుంది.

రెండో కారణం శక్తి చాలనప్పటి ప్రవర్తన. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ తన హద్దు దాకా శుభ్రంగా పలికి, హద్దు తగలగానే తరంగం తలను కత్తిరించినట్టు కోసేస్తుంది. వాల్వు యాంప్లిఫయర్, ముఖ్యంగా ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పు సరిదిద్దే ఏర్పాటు) తక్కువగా ఉన్నది, హద్దుకు చేరేకొద్దీ తరంగం తలను గుండ్రంగా నొక్కుతుంది. క్షణకాలం హద్దు దాటినా వినేవారు పట్టుకోలేరు. వాల్వు వాటు ట్రాన్సిస్టర్ వాటు కంటే పెద్దదన్న మాట ఇక్కడి నుంచే పుట్టింది. వాటు ఎక్కడైనా వాటే.

మూడో కారణం అందరూ మరిచిపోయేది, కొలతల్లో మాత్రం పెద్దది. అది యాంప్లిఫయర్ తనలోనే కరెంటుకు చూపే నిరోధం, అంటే దాని సొంత ఔట్‌పుట్ ఇంపీడెన్స్. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు ఇది 0.1 ఓమ్ లేదా అంతకంటే తక్కువ. ఫీడ్‌బ్యాక్ లేని వాల్వు యాంప్లిఫయర్‌కు 3 ఓమ్‌ల దాకా ఉండవచ్చు. స్పీకరు మీద 8 ఓమ్‌లని రాసి ఉన్నా అది ఒక్క అంకె మీద నిలిచేది కాదు. ఒక స్వరం దగ్గర 6 ఓమ్‌లు, బేస్ రెసొనెన్స్ దగ్గర 30 ఓమ్‌లు ఉండవచ్చు. 3 ఓమ్‌ల వాల్వు యాంప్లిఫయర్‌కు అలాంటి స్పీకరు కలిపితే 30 ఓమ్‌ల చోట వోల్టేజీలో 91 శాతం, 6 ఓమ్‌ల చోట 67 శాతం స్పీకరుకు అందుతుంది. తేడా 2.7 డెసిబెల్స్. అదే స్పీకరుకు 0.1 ఓమ్ ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ కలిపితే తేడా 0.1 డెసిబెల్ చిల్లర. అంటే వాల్వు యాంప్లిఫయర్ ఆ స్పీకరుకు ఒక టోన్ కంట్రోల్‌గా పనిచేసి బేస్‌ను కొంచెం పెంచింది. స్పీకరు మారితే ఈ మార్పు తీరూ మారుతుంది. ఒకరి ఇంట్లో అద్భుతంగా పలికిన యాంప్లిఫయర్ ఇంకొకరి ఇంట్లో బొంగురుగా వినిపించడానికి తరచూ ఇదే కారణం.

ఈ గుణాలు కొలతకు అందేవేనని 1985లో అమెరికన్ ఇంజనీరు బాబ్ కార్వర్ చూపించాడు. స్టీరియోఫైల్ పత్రిక సంపాదకులు ఎంచుకున్న ఖరీదైన వాల్వు యాంప్లిఫయర్ లాగే వినిపించేటట్టు తన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ను మారుస్తానని పందెం కట్టాడు. రెండింటి ఔట్‌పుట్లను ఒకదాని నుంచి ఒకటి తీసివేసి, మిగిలే తేడా దాదాపు సున్నా అయ్యేదాకా సర్క్యూట్‌ను సర్దాడు. తరవాత ఆ సంపాదకులు రెంటికీ తేడా చెప్పలేకపోయారు. వాల్వు ధ్వని అనేది గాజులో దాగిన మర్మం కాదని, కావాలంటే సిలికాన్‌తోనూ రాబట్టవచ్చని దీనితో తేలింది.

పాత పాటల విషయంలో ఇంకొకటి గమనించాలి. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలైనా, ఆ దశకంలో మద్రాసు స్టూడియోలలో రికార్డయిన మరే పాటలైనా వాల్వు పరికరాల గుండా సాగి వచ్చినవే. ఆ గుణం రికార్డులోనే ఉంది. దాన్ని వినడానికి ఇంట్లో మళ్లీ వాల్వు తప్పనిసరి కాదు. వాల్వు యాంప్లిఫయర్ పెడితే దాని గుణం రెండోసారి కలుస్తుంది. అది నచ్చడం, నచ్చకపోవడం వినేవారి ఇష్టం.

కరెంటు, ఎండ, భద్రత

సికింద్రాబాద్‌లో వాల్వు యాంప్లిఫయర్ పెట్టుకునేవారు ముందుగా చూడాల్సింది వోల్టేజీ. మన సరఫరా 230 వోల్టులు, పది శాతం అటూ ఇటూ. చైనాలో దొరికే చాలా యాంప్లిఫయర్లు 220 వోల్టులకు చుట్టినవి. అలాంటిదాన్ని 240 వోల్టుల మీద నడిపితే, 6.3 వోల్టులు అందాల్సిన ఫిలమెంటుకు 6.87 వోల్టులు అందుతాయి. అది తొమ్మిది శాతం ఎక్కువ. కేథోడ్ అవసరానికి మించి వేడెక్కి వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. 230 లేదా 240 వోల్టుల ట్యాపింగ్ ఉన్నదాన్నే అడిగి కొనాలి. అమెరికా నుంచి పంపించిన 117 వోల్టుల సెట్టుకు తగిన శక్తిగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.

రెండోది వేడి. నాలుగు ఈఎల్34లున్న యాంప్లిఫయర్‌లో ఫిలమెంట్లకే 38 వాట్లు పోతాయి. ఒక్కొక్క వాల్వు 400 వోల్టుల దగ్గర 40 మిల్లీఆంపియర్లు తీసుకుంటే ప్లేట్ల దగ్గర ఇంకో 64 వాట్లు. చిన్న వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలు కలిపితే పాట లేకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా 120 వాట్లు దాటుతుంది. ఆ శక్తి అంతా గదిలో వేడిగా చేరుతుంది. మధ్యాహ్నం 40 డిగ్రీలు ముట్టుకునే మే నెలలో ఇది చిన్న సంగతి కాదు. రోజుకు మూడు గంటల చొప్పున 150 వాట్ల యాంప్లిఫయర్ నెలకు 13.5 యూనిట్లు కాలుస్తుంది. బిల్లు పెద్దగా పెరగదు, ఫ్యాను వేగం మాత్రం పెంచాలి. యాంప్లిఫయర్‌ను మూసిన అల్మరాలో పెట్టకూడదు. పైన కనీసం అడుగు ఖాళీ ఉండాలి.

మూడోది ప్రాణభద్రత. వాల్వు యాంప్లిఫయర్ లోపల 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా కండెన్సర్లలో అది కొంతసేపు నిలిచి ఉండవచ్చు. మీటరుతో చూసి, ఛార్జి పూర్తిగా దిగిందని తేల్చుకోకుండా లోపల వేలు పెట్టకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు, నిజంగా పనిచేసే ఎర్తింగ్ ఉండాలి. పాత ఇళ్లలో ఎర్తు పిన్ను రంధ్రం ఉన్నా దాని వెనక తీగ లేకపోవడం కద్దు. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. పిల్లలున్న ఇంట్లో వేడి వాల్వుల మీద జాలీ మూత తీయకూడదు.

కలిపేటప్పుడు, వాడేటప్పుడు

ట్రాన్సిస్టర్ సెట్టుకు అలవాటుపడిన చేతులు ఒక్క నియమాన్ని తిరగరాసుకోవాలి. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ను స్పీకర్ లేకుండా నడిపితే ఏమీ కాదు, స్పీకర్ తీగలు ఒకదానికొకటి తగిలితే ప్రమాదం. వాల్వు యాంప్లిఫయర్‌కు తీగలు ఊడిపోవడమే ఎక్కువ ప్రమాదం. లోడు లేకుండా వాల్యూమ్ పెంచితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగసి, ఇన్సులేషన్ చిల్లుపడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్పీకర్ తీగలు బిగించాకే స్విచ్చి వేయాలి.

వెనక 4 ఓమ్‌లు, 8 ఓమ్‌లు అని వేరు వేరు టెర్మినళ్లు ఉంటాయి. స్పీకరుకు తగినది వాడాలి. స్పీకరు ఇంపీడెన్స్ బాగా ఎగుడుదిగుడుగా ఉంటే రెండూ ప్రయత్నించి మంచిగా వినిపించినది ఉంచుకోవచ్చు.

పాత స్టీరియో సెట్లలో రికార్డ్ ప్లేయర్ కోసం ఫోనో ఇన్‌పుట్ ఉండేది. కొత్త వాల్వు యాంప్లిఫయర్లలో చాలావాటికి అది ఉండదు. రికార్డులు కోసేటప్పుడు బేస్ తగ్గించి, పై స్వరాలు పెంచి కోస్తారు. వినేటప్పుడు ఆర్ఐఏఏ ప్రమాణం ప్రకారం దాన్ని తిరగేసి, సంకేతాన్ని సుమారు వంద రెట్లు పెంచాలి. ఫోనో ఇన్‌పుట్ లేని యాంప్లిఫయర్‌కు ప్లేయర్‌ను నేరుగా కలిపితే పాట పీలగా, బేస్ లేకుండా వినిపిస్తుంది. విడిగా ఫోనో ప్రీయాంప్లిఫయర్ కొనే ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

వాల్వులు అరిగిపోయే వస్తువులు. పవర్ వాల్వులు సాధారణంగా 2,000 నుంచి 5,000 గంటలు, చిన్న వాల్వులు 10,000 గంటల చుట్టుపక్కల వస్తాయి. రోజుకు మూడు గంటలు వింటే రెండు నుంచి నాలుగైదేళ్లకు ఒకసారి పవర్ వాల్వులు మార్చాలి. వాటిని జోడీ కుదిర్చిన సెట్టుగా కొనాలి. బయాస్ దానంతటదే సర్దుకోని యాంప్లిఫయర్‌లో మార్చినప్పుడల్లా సర్దించాలి. కొలత పద్ధతి తేలిక: కేథోడ్ దారిలో ఉన్న 10 ఓమ్‌ల రెసిస్టరు మీద 400 మిల్లీవోల్టులు చూపిస్తే 40 మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు. 400 వోల్టుల దగ్గర అది 16 వాట్లు, ఈఎల్34 భరించే 25 వాట్లలో 64 శాతం. ఆ హద్దులో వాల్వుకు మంచి ఆయుష్షు ఉంటుంది.

తీర్పు

ఈ లెక్కలన్నీ ఒక క్రమాన్ని సూచిస్తాయి. ముందు స్పీకర్ల సున్నితత్వం, ఇంపీడెన్స్ ఎంతో చూడాలి. 90 డెసిబెల్స్ కంటే తక్కువైతే పక్కకు ఒకే పవర్ వాల్వు ఉన్న యాంప్లిఫయర్లను వదిలిపెట్టి, పుష్-పుల్ ఈఎల్34 వంటివాటిని ఎంచుకోవాలి, లేదా ట్రాన్సిస్టర్‌తోనే ఉండిపోవాలి. తరవాత పాత సెట్టుకు కండెన్సర్లు, రిలే మార్పించి, బయాస్ సర్దించి వినాలి. చాలామందికి మార్పిడి అవసరం అక్కడితోనే తీరిపోతుంది. అప్పటికీ వాల్వు కావాలనిపిస్తే, తమ స్పీకర్లకు కలిపి తమ గదిలో విన్నాకే కొనాలి. దుకాణంలోని స్పీకర్లతో విన్న ధ్వని ఇంటికి రాదు.

ఖచ్చితత్వం కొలమానమైతే బాగుచేసిన మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరే ముందుంటుంది, ఖర్చు తక్కువ, వేడి తక్కువ. వాల్వు ఇచ్చేది ఒక రుచి. దాని కారణాలు తెలిసి ఎంచుకుంటే అది మంచి ఎంపికే. తీసేసిన పాత సెట్టును మాత్రం చెత్తబుట్ట పాలు చేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఇలాంటి సామగ్రి నమోదైన రీసైక్లర్లకు చేరాలి. అంతకంటే ముందు, దాన్ని బాగుచేసి వాడుకునేవారు ఎవరైనా ఉన్నారేమో వెతకడం మేలు.